అడిగాక ఆగాలి

ఫిబ్రవరి 3

పళ్ళ డాక్టరమ్మకి,

వదిన రాస్తున్నది. పోయిన నెల ఫోన్లో అంతసేపు కబుర్లు చెప్పుకున్నాక, చివర్లో "ఇకనుంచి ఉత్తరాలే వదినా, ఫోన్లో నా వంతు రావడం లేదు" అన్నావు చూడు, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వంతు రాకపోవడమేమిటమ్మా? మధ్యలో రెండుసార్లు "ఊఁ, నువ్వు చెప్పు" అన్నాను కదా! సరేలే, ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, నీ మాట కాదనగలనా. కాగితం మీద అయితే నన్ను ఆపేవాళ్ళే ఉండరు, నాకేం నష్టం?

అసలు సంగతికొస్తాను. ఈ వయసులో నాకు పరీక్ష వచ్చిపడింది. మా సాయంకాలపు బడి నీకు తెలుసుగా, సైకిల్ షాపు పైన మేడమీద. వేరే భాషల వాళ్ళకి ఇంగ్లీషు అక్కడే చెబుతున్నాను, నల్ల జుట్టున్న రోజుల్నించీ. వంటవాళ్ళు, డ్రైవర్లు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళు, పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని సాయంత్రం మెట్లెక్కి వచ్చి "నా పేరు ఫలానా" దగ్గర మొదలుపెడతారు. నేను నేర్పిన నాలుగు ముక్కలతోనే ఎంతమంది ఉద్యోగాలు తెచ్చుకోలేదు, ఎంతమంది ఇంటి యజమానులతో పోట్లాడి కుళాయి బాగుచేయించుకోలేదు! అలాంటి నన్ను పట్టుకుని, ఇప్పుడు పైవాళ్ళు శిక్షణకి వెళ్ళమంటున్నారు. టీచర్లందరికీనట. శనివారం శనివారం క్లాసులు, చివర్లో శిక్షకురాలు వచ్చి వెనక కూచుని మన పాఠం ఒకటి చూస్తుంది. ఆవిడ సరేనంటే మన క్లాసు మనకుంటుంది. కాదందా, నా మొదటి మెట్టు క్లాసు ఇంకొకరికిచ్చేసి, నన్ను కింద ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళ పేర్లు రాసుకోమంటారు. నన్ను! పేర్లు రాసుకోమని! ఆ క్లాసు లేకపోతే నాకు సాయంత్రం అనేదే లేదు, నీకు తెలుసు.

శిక్షకురాలి వయసు నా వయసులో సగం ఉంటుందేమో. మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని వచ్చింది, ఆటల టీచరులాగా. మేమందరం ఆ పిల్లకి స్టాప్‌వాచీ అనే పేరు పెట్టేశాం (మేమందరం అంటే నేను). మొదటిరోజే "మీ క్లాసులో అస్సలు మాట్లాడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఉందమ్మా ఒకావిడ, అన్నాను. ఆసుపత్రి లాండ్రీలో పని. చలికాలం మొదట్లో చేరింది, ఒక్కరోజు నాగా లేదు, వెనక హీటరు పక్కన కూచుంటుంది, "యెస్ టీచర్" తప్ప ఇంకో మాట లేదు. పాపం సిగ్గు. అందుకని ఆవిడ వంతు రాగానే ప్రశ్న నేనే అడిగి జవాబూ నేనే చెప్పేస్తాను, ఆవిడ తల ఊపుతుంది, ఇద్దరికీ సుఖం. స్టాప్‌వాచీ అంతా విని నా వైపు అదోలా చూసింది. నేనే ఇంకాసేపు మాట్లాడాను.

మీ అన్నయ్య ఎప్పటిలాగే ఉన్నారు. డిపోలో బస్సుల టైంటేబుళ్ళు వేసుకుంటారు, ఇంటికొస్తారు, నేను చెప్పేది వింటారు.

పెన్ను మొరాయిస్తోంది, ఆపుతున్నాను.
నీ వదిన


ఫిబ్రవరి 11

వదినకి,

సానుభూతి తెలుపుతూ రాస్తున్నాను. నీకు కాదు, ఆ స్టాప్‌వాచీకి.

నీ నోట్లో నువ్వుగింజ నానదని ఆ పిల్లకి ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. అయినా నిన్ను అనడానికి నాకేం హక్కుందిలే. నేను పేషెంటుని ప్రశ్న అడిగేసరికి అవతలివాళ్ళ నోట్లో నా చేతులు రెండూ ఉంటాయి. "నొప్పి తగ్గిందా? తగ్గే ఉంటుంది" అంటాను, వాళ్ళు "ఆఁ" అంటారు. ఆ "ఆఁ"కి అర్థం ఏమిటో ఇంతవరకూ నేను ఆలోచించనే లేదు. ఈ వారం నా కుర్చీ పైకి లేచింది, కిందికి దిగనంటోంది. పేషెంట్లని స్టూలు మీంచి ఎక్కిస్తున్నాను, నేనూ స్టూలు మీదే. రిపేరువాడు రేపొస్తాను, రేపొస్తాను అంటున్నాడు.

నీకు గుర్తుందా, నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో ఓ రోజు అన్నయ్యని "తలనొప్పిగా ఉందా? ఉండే ఉంటుంది, మొహమే చెబుతోంది, ఉండండి" అని మాత్రా నీళ్ళూ తెచ్చిచ్చావు. లేని తలనొప్పికి మాత్ర వేసుకున్నాడు మహానుభావుడు! నేను తలుపు వెనక పడీ పడీ నవ్వాను. అంతకుముందు మా ఇంట్లో గోడగడియారం ఒక్కటే మాట్లాడేది. నాన్న మాట్లాడడు, అన్నయ్య మాట్లాడడు, నేను గోడలతో మాట్లాడేదాన్ని. నువ్వొచ్చాకే ఇల్లు ఇల్లయింది. అందుకే చెబుతున్నాను, ఎవరేం నేర్పినా సరే నువ్వు మాత్రం మారకు. పరీక్షంటావా, నీ ధాటికి ఆ పిల్లే సరేనని సంతకం పెట్టి పారిపోతుంది.

స్టూలు మీంచి,
నీ మరదలు


ఫిబ్రవరి 20

నా ఒక్కగానొక్క మరదలికి,

మారకు అన్నావు. మారక తప్పేలా లేదే తల్లీ.

పోయిన శనివారానికల్లా మా క్లాసు ఒకటి ఫోన్లో రికార్డు చేసుకుని తెమ్మంది స్టాప్‌వాచీ. నేను సంబరంగా మంచి చీర కూడా కట్టుకున్నాను, రికార్డు చేసేది మాటలే అని తెలిసీ. అక్కడికెళ్ళాక అందరికీ రెండు రంగుపెన్సిళ్ళిచ్చింది. రికార్డు వింటూ, టీచరు మాట్లాడినంతసేపూ కాగితం మీద ఎర్రగీత, విద్యార్థులు మాట్లాడితే నీలంగీత గియ్యాలి. గీశాను. నా ఎర్రపెన్సిలు మధ్యలోనే అరిగిపోయి పక్కాయన పెన్సిలు అడుక్కోవాల్సొచ్చింది. నీలం మొన చెక్కుచెదరలేదు. కాగితం నిండా ఎరుపు, అక్కడక్కడ దోమంత నీలం. ఆ నీలంచుక్కల్లో సగం "యెస్ టీచర్"లే.

బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. దాచుకోవడమెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నానని అనుకుంటున్నాను, మాట్లాడుతున్నది నేను, వింటున్నది వాళ్ళు! స్టాప్‌వాచీ వెతుక్కుంటూ వచ్చింది. మంచిపిల్లే. "మీ ప్రశ్నలు చాలా బాగున్నాయి మేడమ్, ఒక్కటే లోపం. అడిగాక ఆగాలి. వాళ్ళు ముందు మీ ప్రశ్నని వాళ్ళ భాషలోకి తిప్పుకోవాలి, జవాబు వెతుక్కోవాలి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తేవాలి. ఈలోపు మీరు ఇంకో మూడు ప్రశ్నలు దాటిపోతున్నారు" అంది. మనసులో మెల్లగా పది దాకా లెక్కపెట్టాలట. క్లాసులో కష్టంగా ఉంటే ముందు ఇంట్లో అలవాటు చేసుకోమంది.

ఇంట్లో ఎవరున్నారు? మీ అన్నయ్య. ఆయనకి విషయం చెప్పలేదు. చెబితే బుద్ధిగా జవాబులు తయారుచేసుకుని కూచుంటారు, నాకు సాధన ఎలా అవుతుంది?

మొదటిరోజు పడుకునే ముందు "కిటికీ వేసేయనా?" అన్నాను. మామూలుగా అయితే వెంటనే "వేసేస్తాలెండి" అని వేసేస్తాను. ఈసారి నాలుక కరుచుకుని ఆగాను. ఒకటి, రెండు, మూడు... ఆయన పుస్తకం దించి నన్ను చూశారు. ఏడు, ఎనిమిది. "ఉండనీ" అన్నారు. "నాకు తెరిచి ఉంటేనే ఇష్టం." ఏమన్నారూ? పెళ్ళయినప్పట్నించీ ఆ కిటికీ మూస్తున్నానే నేను!

రెండోరోజు ఇంకా బాగుంది. "గొడుగెక్కడండీ?" అని ఆగాను. "మెట్లదగ్గర" అన్నారు. నేను జవాబు వచ్చిందన్న సంగతి మరిచి అలవాటుకొద్దీ చూస్తూనే ఉన్నాను. కాస్త ఇబ్బందిగా కదిలి, "బస్సులో మర్చిపోయాను" అన్నారు. ఇంకా చూస్తున్నాను. "దానికి ముందు గొడుగు కూడా. ఇప్పుడున్నది డిపోలో ఎవరిదో." పోలీసువాళ్ళు కూడా ఇంత సులువుగా చెప్పించలేరేమో కదూ?

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికిస్తున్నాను. పోస్టు డబ్బా వాళ్ళ డిపో ఎదురుగానే ఉంది.

మౌనవ్రతం పట్టిన,
వాగుడుకాయ వదిన


మార్చి 3

వదినా,

అన్నయ్య ఫోన్ చేశాడు. ఊరక రారు మహాత్ములని, అన్నయ్య తనంతట తను ఫోన్ చేశాడంటే కొంపలేవో అంటుకున్నట్టే అనుకున్నాను. సంగతంతా తెలిసింది.

నేను ఎవరివైపూ మాట్లాడను అనను. నీవైపే మాట్లాడతాను. ఇన్నేళ్ళు ఇద్దరు మనుషుల మాటలూ నువ్వొక్కదానివే మాట్లాడావు, అలసిపోవా? నువ్వు నోరు కట్టేసుకున్నావని వింటే నాకు ఏడుపొచ్చింది కానీ, తప్పు పట్టను. గట్టిగా ఉండు. మెత్తబడి మధ్యలో వదిలెయ్యకు. ఎంతకాలం పడితే అంతకాలం. అన్నయ్యకి చెప్పాల్సింది నేను చెప్పాను, ఇంక తన వైపునుంచి నీకు ఏ ఇబ్బందీ ఉండదు.

కుర్చీ రిపేరువాడు వచ్చాడు. ఇప్పుడది కిందికి దిగింది, పైకి లేవనంటోంది. నేను మోకాళ్ళ మీద నిలబడి పళ్ళు చూస్తున్నాను. నిన్న ఒక ముసలాయన "నాకు దణ్ణం పెడుతున్నారా డాక్టరమ్మా" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, నువ్వు గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఒక్క మాట వదినా. ఎంత గట్టిగా ఉన్నా, ఉత్తరాలు మాత్రం మానకు.

ఎప్పటికీ నీ పక్షమే,
మరదలు


మార్చి 10

మరదలికి,

నీ ఉత్తరం చదివి కొండంత ధైర్యం వచ్చింది, రెండు రోజులకే కరిగిపోయింది. నా ఎర్రపెన్సిలు గొడవంతా రాస్తే నవ్వుతావనుకున్నాను, ఇంత మనసుకి పట్టించుకుంటావనుకోలేదు. నువ్వు మంచిదానివే. కానీ మీ అన్నయ్యకి చెప్పాల్సింది చెప్పానన్నావే, ఏం చెప్పావో ఏమో గానీ, అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. ఆయన పూర్తిగా మాట్లాడటం మానేశారు!

నేనడుగుతాను, ఆగుతాను. ఆయన తలూపుతారు. "ఏం కూర చేయను?" అంటాను. తలూపుతారు. తలూపితే ఏం కూర చేయాలి నేను? మొన్న రాత్రి మళ్ళీ కిటికీ సంగతే అడిగాను, అది మా ఇద్దరికీ అచ్చొచ్చిన ప్రశ్న కదా అని. ఆయన లేచి, తనే కిటికీ మూసి, నాకు నమస్కారం పెట్టినట్టు తలొంచి, దుప్పటి కప్పుకున్నారు. ఇద్దరం ఎదురుబొదురుగా కూచుని ఒకరి జవాబు కోసం ఒకరం చూస్తుంటే, ఫ్రిజ్ ఒక్కటే గురుగుర్రుమంటోంది.

క్లాసులో ఇంకా ఘోరం. "నిన్న ఎవరు బస్సులో వచ్చారు?" అని అడిగి ఆగాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇంతకాలం అడిగిన మరుక్షణం జవాబు కూడా నా నోట్లోంచే వచ్చేది కదా, ఈవిడకి ఏమైందని కంగారు. ముందు వరసలో ఆవిడ నీళ్ళ సీసా ఇచ్చింది. డ్రైవరు లేచి కుర్చీ తెచ్చాడు. ఇంకొకాయన, "టీచర్, సెలవా?" అన్నాడు. లాండ్రీ ఆవిడైతే తలొంచుకుని తన చెప్పుల వైపే చూస్తూ కూచుంది. నేను ఆపుకోలేక ఆవిడ జవాబు నేనే చెప్పేశాను. ఆవిడ తలూపింది. ఇంట్లో ఆ తలూపుడే, ఇక్కడా ఆ తలూపుడే.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. సొంత మొగుడి మీద పనిచేయని మందు పరాయివాళ్ళ మీద ఏం పనిచేస్తుంది? పందొమ్మిదిన స్టాప్‌వాచీ నా పాఠం చూడ్డానికి వస్తుంది. ఆ రోజు నేనే ముందుగా చెప్పేస్తాను, నా వల్ల కాదమ్మా, క్లాసు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని. కింద కూచుని పేర్లు రాసుకుంటాను. పేర్లు రాసుకోవడానికి ఆగడం, లెక్కపెట్టడం అవసరం లేదు, వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను. ఉంటాను.

వదిన


మార్చి 16

వదినా వదినా వదినా,

ఏ ఎర్రపెన్సిలు? ఏ గొడవ? నీ ఉత్తరం చదివి తలా తోకా అర్థం కాక పిచ్చిదాన్నయిపోయాను. ఇవాళ పొద్దున్న అర్థమైంది. నలిగిపోయిన కవరొకటి వచ్చింది. దాని మీద "డిపో, దొరికిన వస్తువుల గది" అని ముద్ర, పక్కనే పెన్నుతో "గొడుగుతో పాటు బస్సులో దొరికింది" అని. లోపల నీ ఫిబ్రవరి ఇరవై ఉత్తరం! అన్నయ్య దాన్ని గొడుగుతో సహా బస్సులో వదిలేశాడు. వాళ్ళెవరో పుణ్యాత్ములు గొడుగు దాచి, ఉత్తరానికి స్టాంపు ఉంది కదా అని డబ్బాలో వేశారు.

అంటే ఏమైందో చూడు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, "మీ వదిన ఏదో అడుగుతుంది, అడిగి అలాగే నన్ను చూస్తూ కూచుంటుంది, నాకు భయంగా ఉంది" అన్నాడు. నేనేమో నీకు కోపం వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళకి విసిగిపోయి మాటలు మానేశావనుకున్నాను. అందుకని గట్టిగా చెప్పాను: "అన్నయ్యా, కొన్నాళ్ళు నువ్వు నోరు విప్పకు. ఏం అడిగినా తలూపు. ఒక్కమాట జారావంటే మంట ఇంకా పెరుగుతుంది" అని. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, నా అంతట నేనే అన్నయ్య నోటికి తాళం వేశాను. నీ మందు చక్కగా పనిచేసింది వదినా. నీ రోగికి నోట్లో గుడ్డ కుక్కింది నేను!

చదవగానే ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తి, "ఊఁ" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ "ఊఁ". నా మాట అంత బాగా వినేవాడు ఇంకెవరూ లేరు, ఖర్మ! నీ ఫోను సరేసరి, క్లాసులో మోగకూడదని దాని నోరు నొక్కుతావు, తిరిగి విప్పడం మర్చిపోతావు. అందుకే ఇలా రాస్తున్నాను, త్వరగా చేరే పోస్టులో వేస్తున్నాను. దయచేసి పందొమ్మిదిలోపు అందాలి. వదినా, క్లాసు వదులుకోకు. పాఠం చెప్పు. అడుగు. ఆగు.

ఇంకోటి. ఇవాళ మధ్యాహ్నమే ఒక పేషెంటు. పన్ను పీకాలి, మత్తు సూది చేతిలో ఉంది. "ఇదే కదా నొప్పి?" అని అడిగి, ఎప్పటిలా "ఇదేలెండి" అనబోయి, నీ మీద ఒట్టు, చేతులు ఆయన నోట్లోంచి తీసేసి ఆగాను. ఆయన బుగ్గ రుద్దుకుని, "కాదండీ, దీని పక్కది" అన్నాడు. వదినా, నాకు ముచ్చెమటలు పోశాయి.

కాళ్ళు పట్టుకుంటున్న,
తొందరపాటు మరదలు


మార్చి 24

కాళ్ళు వదులు తల్లీ, మోకాళ్ళ మీద నిలబడి పళ్ళు చూసీ చూసీ నీకే నొప్పులొచ్చి ఉంటాయి.

నీ ఉత్తరం ఇరవయ్యో తారీఖున అందింది. అంటే ఒక్క రోజు ఆలస్యంగా. ఏం జరిగిందో వరసగా చెబుతాను, మధ్యలో ఆపకు.

పందొమ్మిది పొద్దున్న కాఫీ కలిపాను. మనసేం బాగాలేదు. స్టాప్‌వాచీకి ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. కప్పు ఆయన ముందు పెట్టి, "ఇవాళ నా పాఠం చూడ్డానికొస్తున్నారు. వెళ్ళనా, మాననా?" అన్నాను. సాధనా లేదు, లెక్కపెట్టడమూ లేదు. ఊరికే అలసిపోయి, ఇంకేం మాట్లాడాలో తెలీక ఊరుకున్నాను. నా జీవితంలో మొదటిసారి, నిజంగా.

ఆయన తలూపబోయి ఆగారు. వెళ్ళనా మాననా అంటే తలూపడం ఎలా? కప్పు తీసుకున్నారు, దించారు, గుమ్మం వైపు చూశారు, అక్కడ నువ్వు నిలబడి ఉన్నట్టే. "చెల్లి మాట్లాడొద్దంది" అన్నారు.

"చెల్లా? ఎందుకట?"

"నీకు కోపం వచ్చిందని."

"నాకు కోపమేమిటండీ! ఆగడం నేర్చుకుంటున్నాను. శిక్షణ!"

అప్పుడు మీ అన్నయ్య మాట్లాడారే. మొదలుపెట్టి, చివరిదాకా చెప్పారు. "మా కొత్త డ్రైవర్లతో నాకు ఎప్పుడూ ఒకటే గొడవ" అన్నారు. "స్టాపులో ఆగుతారు, ఎవరూ కదలకపోతే తలుపు మూసుకుని వెళ్ళిపోతారు. ఎక్కేవాళ్ళు లేక కాదు. సంచులున్నవాళ్ళకి లేవడానికే టైం పడుతుంది. టైంటేబుల్లో ఆ టైం నేనే వేస్తాను, వాళ్ళు తినేస్తారు. నేనూ సంచులున్న మనిషినే. నీ లాండ్రీ ఆవిడకీ ఉండే ఉంటాయి. వెళ్ళు."

నేను నోరు తెరవబోయాను. చెయ్యెత్తి ఆపారు. "ఇంకా అవలేదు. నువ్వు మాట్లాడుతుంటే నాకు బాగుంటుంది. అదెప్పుడూ నాకు బరువు కాలేదు. ఈ రెండు వారాలూ కిటికీలోంచి గాలి రాలేదు, నీ మాటా రాలేదు, ఊపిరాడలేదు."

నేను ఏడ్చేశాను. కాఫీ చల్లారిపోయింది, ఆయనే మళ్ళీ వెచ్చబెట్టుకున్నారు.

సాయంత్రం వెళ్ళాను. స్టాప్‌వాచీ వెనక కూచుంది, వాచీ చేతిలో, మా లాండ్రీ ఆవిడ పక్కనే, హీటరు దగ్గర. పాఠం పనిచేసే చోట్ల గురించి. ఒకరిద్దరిని అడిగాను, ఆగాను, చెప్పారు. డ్రైవరు చెప్పింది తప్పో ఒప్పో గానీ ఆపకుండా చెప్పాడు. తర్వాత లాండ్రీ ఆవిడ వైపు తిరిగి, "మీరు పనిచేసే చోట మీకు నచ్చిన మూల ఏది?" అన్నాను.

ఆవిడ తన చెప్పుల వైపు చూసింది. ముందు వరసావిడ చెయ్యి నీళ్ళ సీసా మీదికి పోతోంది, వద్దన్నట్టు చూశాను. మనసులో పది దాకా లెక్కపెట్టడం అయిపోయింది. స్టాప్‌వాచీ కూడా కుర్చీలో కదిలింది, చాలు మేడమ్, వదిలెయ్యండి అన్నట్టు. నా నాలుక చివర జవాబు దురదపెడుతోంది, "కిటికీ పక్కన కదా, కిటికీ పక్కనేలే" అని. ఈవిడకి సంచులున్నాయి, ఈవిడకి సంచులున్నాయి అనుకుంటూ నిలబడ్డాను.

ఆవిడ లేచింది. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. ఒక్కొక్క ఇంగ్లీషు మాటా తడుముకుంటూ చెప్పింది: "దుప్పట్లు ఆరబెట్టే పెద్ద మిషను పక్కన. వెచ్చగా ఉంటుంది. చాలా చప్పుడు. అక్కడ నేను రోజూ ఇంగ్లీషు మాట్లాడతాను. మీ పాఠం అంతా. గట్టిగా. మీరు అడుగుతారు, నేను చెబుతాను. ఎవరికీ వినిపించదు."

ఆగింది. ఆగి, నా వైపు చూసి నవ్వింది. "ఇక్కడ చెప్పను. ఇక్కడ మీరు నాకన్నా స్పీడు."

క్లాసంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక డ్రైవరు ఆవిడవైపు తిరిగి, "ఇవాళ మాకు వినిపించింది" అన్నాడు. ఆవిడ కూచుంది, మొహం వెలిగిపోతోంది. ఆ తర్వాత ఆవిడని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మిషను గురించి, ఆ మిషను మింగేసిన తన ఉంగరం గురించి, మేస్త్రీ గురించి, అబ్బో! చలికాలమంతా ఆ మనిషి రోజూ నాతో మాట్లాడుతూనే ఉంది. నాకు వినిపించకుండా అడ్డం నిలబడింది ఆ మిషను కాదు, నేను.

అంతా అయ్యాక స్టాప్‌వాచీ నా దగ్గరికొచ్చింది. "ఎంతసేపు ఆగారో చెప్పలేను మేడమ్, వాచీ నొక్కడం మర్చిపోయాను" అంది. కళ్ళు తుడుచుకుంటోంది. క్లాసు నాదే! నాదే మరదలా! పైగా వచ్చే విడతలో చేరే కొత్త టీచర్లకి ఆగడం గురించి పది నిమిషాలు చెప్పమంది. పది నిమిషాలా, దేనికి సరిపోతుంది, కనీసం గంటయినా ఉండాలి అని నేను మొదలుపెడితే, ఈసారి మర్చిపోకుండా వాచీ నొక్కింది.

నీ తప్పేం లేదు. నువ్వు తాళం వేయకపోతే ఆయన రోజుకో ముక్క చొప్పున చెప్పి సరిపెట్టేవారు. కట్టేసి ఉంచావు కాబట్టి ఒక్కసారిగా తెంచుకున్నారు. కానీ ఇంకోసారి వెయ్యకు. నీ పేషెంటు పక్క పన్ను సంగతి మాత్రం ఎవరితోనూ అనకు, నేనూ అనను (మీ అన్నయ్యకి తప్ప. చెప్పేశాను).

ఇక్కడితో నేను ఆపుతున్నాను. ఈ కింద మీ అన్నయ్యకి చోటు వదులుతున్నాను. ఆయనకి ఏం రాయాలో చెప్పలేదు, పెన్ను చేతికిచ్చి పక్కగదిలోకి వెళుతున్నాను. ఉత్తరం కూడా నేనే డబ్బాలో వేస్తాను.

నీ వదిన


అమ్మడూ,

నోరు మూసుకోమన్నావు. మూసుకున్నాను. ఇంక నా వల్ల కాదు.

కిటికీ తెరిచే ఉంది. మీ వదిన పక్కగదిలో తనలో తను మాట్లాడుకుంటోంది, నాకు వినిపిస్తోంది.

నువ్వెలా ఉన్నావు? నేనెప్పుడూ అడగలేదు. బాగానే ఉంటావులే అనుకునేవాణ్ణి.

మెల్లగా రాయి. ఆగుతాను.

అన్నయ్య